స్త్రీ గుండెకు పురుషుని కొలత

గుండెపోటు వచ్చిన గృహస్థు ఆస్పత్రినుండి ఇల్లు చేరిన దినమున మన ఇండ్లలో జరుగు ఉపచారము మన మందఱము ఎఱిగినదే. గాలివచ్చు గదిలో మంచము వాల్చి, పిల్లలను గట్టిగా మాటాడవలదని మందలించి, పథ్యపు వంట వేళకు వండి, అప్పులవాని కబురును పొలముగట్టు తగాదాను ఆయన చెవిని పడనీయక, నెల దినములు ఇంటిల్లిపాదియు ఆయన ముఖమునే కనిపెట్టుకొని యుందురు. అదే జబ్బు ఆ యింటి ఇల్లాలికి వచ్చి, అదే ఆస్పత్రినుండి అవే మాత్రలతో ఆమె తిరిగివచ్చినచో, వారము తిరుగకముందే తెల్లవారుజామున పాలగిన్నె పొయ్యిమీద పెట్టునది ఆమెయే, కూతురి కాన్పును, కొడుకు ఫీజును, అత్తగారి మందులను గూర్చి తలపోయునది ఆమెయే, ఎట్లున్నదని ఎవరైన అడిగినచో "నాకేమి, బాగానే ఉన్నాను" అని చెప్పి ఆ మాటను అంతటితో ముగించునదియు ఆమెయే. ఈ భేదమును మనము ఇంతకాలము ఓర్పనియు, అలవాటనియు, గృహధర్మమనియు పిలిచితిమి. ఇది న్యాయాన్యాయముల విచారణ మాత్రమే కాదనియు, గుండెను నడపు నాడులు గుండెపోటు అనంతరము స్త్రీలలో ఒకరీతిగను పురుషులలో వేఱొకరీతిగను వర్తించుననియు, ఆ వర్తనమును గమనింపక ఇరువురికిని ఒకే కొలబద్దను పెట్టుట ప్రాణహాని తెచ్చు పొరపాటనియు ఈ వ్యాసమున విన్నవింపదలచితిని.

గుండె ఎవ్వరి ఆజ్ఞయు లేకుండ కొట్టుకొనగల అవయవము. దానిలోపలనే యొక లయకేంద్రమున్నది; బయటి నాడులన్నియు తెగిపోయినను అది నిమిషమునకు సుమారు 100 సార్లు కొట్టుకొనుచునే యుండును. నెమ్మదిగా కూర్చున్న మనిషి నాడి 70 ప్రాంతమున నడచుచున్నదన్నచో, మెదడు మూలమునుండి మెడగుండ దిగివచ్చిన వేగస్ అను నాడి ఆ లయకేంద్రమును ఎడతెగక పట్టి నిలుపుచున్నదని అర్థము. మెట్లెక్కినపుడు, భయపడినపుడు, కోపము వచ్చినపుడు వెన్నుపామునుండి బయలువెడలు సహానుభూత నాడులు దానిని తఱిమి వేగిరపఱచును. ఎడ్లబండి తోలు రైతు ఒకచేత పగ్గమును ఒకచేత ములుకోలను పట్టి, దారి ఎగుడుదిగుళ్ళను గమనించుచు, ఒకమాఱు లాగుచు ఒకమాఱు అదలించుచు బండిని నడుపునట్లు, ఈ రెండు నాడీవర్గములును మన సంకల్పముతో పనిలేకయే రేయింబవళ్ళు గుండెను నడుపుచుండును గనుక వీనికి స్వయంచోదిత నాడీవ్యవస్థ అని పేరు వచ్చినది. 1921వ సంవత్సరమున ఆస్ట్రియా దేశపు గ్రాజ్ నగరమున ఆటో లోవీ అను శాస్త్రజ్ఞుడు ఒక కప్పగుండెయొక్క వేగస్ నాడిని ప్రేరేపించి, అది మందగించిన పిమ్మట దానినుండి తీసిన ద్రవమును మఱొక కప్పగుండెకు అందింపగా ఆ రెండవదియు మందగించెను. నాడి పంపు ఆజ్ఞ ఒక రసాయనద్రవ్యముగా గుండెను చేరుచున్నదని లోకమునకు తెలిసినది ఆ ప్రయోగమువలననే. అందులకే 1936లో ఆయనకును హెన్రీ డేల్‌కును నోబెల్ బహుమానము లభించెను.

పగ్గము పట్టిన చేయి ఎంత నేర్పరిదో బండినడకయే చెప్పును. ఆరోగ్యవంతుని గుండె గడియారమువలె సమకాలముగా కొట్టుకొనదు. ఊపిరి పీల్చునపుడు కొంచెము త్వరపడి, విడుచునపుడు కొంచెము నిదానించి, ఒక్కొక్క స్పందనకు నడుమనున్న వ్యవధిని క్షణక్షణము మార్చుకొనుచుండును. గుండెపోటున కండరముతోపాటు దానిగుండ పోవు నాడీతంతువులును దెబ్బతినుటచేత వేగస్ పట్టు సడలి, సహానుభూత నాడుల తఱుము హెచ్చి, ఆ సుకుమారమైన వైవిధ్యము నశించి, గుండె బిఱుసుగా ఒకే తీరున కొట్టుకొన నారంభించును. 1987లో అమెరికాలో రాబర్ట్ క్లైగర్ బృందమువారు గుండెపోటునుండి బయటపడిన 808 మందికి 24 గంటల ఇ.సి.జి. తీసి, ఈ వైవిధ్యము 50 మిల్లీసెకన్లకు తక్కువైనవారు 100 మిల్లీసెకన్లకు మించినవారికంటె 5.3 రెట్లు ఎక్కువగా మరణముపాలైరని చూపిరి. కండరమెంత చచ్చినదో చూచుటతోపాటు నాడులెంత సడలినవో చూడవలెనన్న సత్యము అప్పటినుండి వైద్యలోకమున స్థిరపడినది. స్థిరపడనిది ఒక్కటే: ఎవరి నాడులను చూచి ఈ కొలతలు నిర్ణయించితిమి అన్నది.

జబ్బు లేని నాడే స్త్రీపురుషుల గుండె నాడుల నడక ఒక్కటి కాదు. అనేక దేశములలో జరిగిన పరిశోధనలను కూర్చి 2016లో ప్రకటించిన సమీక్షవలన తేలినదేమనగా, స్త్రీల గుండె పురుషులకంటె కొంచెము వేగముగా కొట్టుకొనును, మొత్తముమీద వైవిధ్యమును తక్కువగానే యుండును. అయినను ఆ వైవిధ్యమున వేగస్ నాడికి చెందిన భాగము మాత్రము స్త్రీలలోనే అధికము. ఇందుకు ఈస్ట్రోజెన్ అను స్త్రీ హార్మోను కొంత కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. దీనినిబట్టి ఇరువురికిని ఒక్కటిగా గీచిన 50, 100 అను గీతలను స్త్రీకి యథాతథముగా అన్వయించుట తగదని వేఱుగ చెప్పనక్కఱ లేదు. మొత్తము తక్కువగా కనబడినంతమాత్రమున ఆమెకు ఆపద ఉన్నదనియు చెప్పరాదు. అంకె గీతకు పైన నున్నంతమాత్రమున ఆమె క్షేమముగా నున్నదనియు చెప్పరాదు.

ఇక గుండెకు రక్తమునందించు ధమని మూసికొనిపోయి గుండెపోటు వచ్చు ఆ ఘడియలో ఏమి జరుగునో చూతము. 1998లో ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞులు, పూడిన కరోనరీ ధమనిని బెలూనుతో తెఱచు చికిత్సలో ఆ బెలూను ఉబ్బి రక్తము క్షణకాలము నిలిచిపోవునపుడు గుండె నాడులు ఎట్లు స్పందించునో పరిశీలించి, వేగస్ నాడి పురుషులలోకంటె స్త్రీలలో ప్రబలముగా మేల్కొనుచున్నదని కనుగొనిరి. ఇది ప్రకృతి చేసిన రక్షణయే కావచ్చును; పగ్గము బిగిసిన గుండెకు ప్రాణాంతకమైన లయభంగము కలుగు అవకాశము తగ్గును. కాని వేగస్ నాడి గుండెకు మాత్రమే చెందినది కాదు. అది జీర్ణకోశమువఱకు పోవునది. అది ఒక్కపెట్టున మేల్కొన్నపుడు కడుపులో తిప్పును, వాంతి వచ్చును, చల్లని చెమటలు పట్టును, కన్నులు తిరుగును. గుండెపోటున వికారమును వాంతియు పురుషులలోకంటె స్త్రీలలో తఱచుగా కనబడునని వైద్యులు ఎన్నడో గుర్తించిరి. మన యిండ్లలో ఆ బాధకు పెట్టు పేరు "గ్యాస్". దానికి చేయు వైద్యము వాముపొడి, సోడా, కొంచెముసేపు పడుకొనుము అను సలహా. ప్రాణమును కాపాడుటకు యత్నించు నాడియే ప్రాణాపాయమును అజీర్ణమను మాఱుపేరుతో చూపుటచేత, ఆస్పత్రికి చేరవలసిన మొదటి గంట పెరటిలోని బావిగట్టు దగ్గఱనే గడచిపోవుచున్నది.

అటు పిమ్మటి కథ ఇంతకంటె గమనింపదగినది. 2009లో ఇంగ్లండులోని లీడ్స్ నగరపు వైద్యులు, ఉపద్రవములు లేని గుండెపోటు వచ్చిన స్త్రీపురుషుల కాలినరములలో సన్నని సూదులు గ్రుచ్చి, సహానుభూత నాడులు పంపు సంకేతములను నేరుగా లెక్కించిరి. ఆరోగ్యవంతులలో ఆ నాడుల ఉద్రేకము పురుషులకంటె స్త్రీలలో తక్కువ. గుండెపోటు తరువాత పెరిగిన పెరుగుదల మాత్రము స్త్రీలలోనే ఎక్కువ. అనగా, సామాన్యదినములలో ఆమెకు అండగా నుండిన ప్రశాంతి గుండెపోటుతో ఆమెకే అధికముగా కోల్పోవలసిన ధనమగుచున్నది. పురుషుడు కొంత ఎత్తునుండి పైకెక్కగా, ఆమె దిగువనుండి బయలుదేఱి నిట్టనిలువుగా ఎక్కవలసివచ్చినది. ఈ యెక్కుడు అంత్యమున చేరిన ఎత్తును మాత్రమే చూచువారికి కానరాదు; ఆమె ఎక్కడనుండి బయలుదేఱినదో ఎఱిగినవారికే కానవచ్చును. కనుకనే స్త్రీ గుండెను పురుషుని కొలతతో గాక స్త్రీ కొలతతోనే కొలువవలెనని నేను పట్టుపట్టుచున్నాను.

ఆ ఉద్రిక్తమైన నాడులపై మనస్సు చేయు ఒత్తిడి ఎట్టిదో అట్లాంటా నగరపు ఎమరీ విశ్వవిద్యాలయమున వియోలా వక్కరీనో బృందము చేసిన పరిశోధన చూపుచున్నది. గుండెపోటు వచ్చి కొన్ని నెలలైన, 61 ఏండ్లు మించని 306 మందిని పిలిచి, నలుగురియెదుట ఉపన్యసింపుమని కోరి, ఆ కలవరపాటున వారి గుండెకండరమునకు రక్తము తక్కువగుచున్నదేమో చిత్రములు తీసి చూచిరి. 2018లో వారు ప్రకటించిన ఫలితము ఇది: మాటలాడు ఆందోళనమాత్రముననే గుండెకు రక్తలేమి కలిగిన స్త్రీలు నూటికి 22, పురుషులు 11. పురుషులలో అది రక్తపోటును గుండెవేగమును పెరిగి గుండెపై పని హెచ్చుటతో ముడిపడియుండగా, స్త్రీలలో సూక్ష్మరక్తనాళములు ముడుచుకొనుటతో ముడిపడియుండెను. ఆ వక్కరీనోగారే 1999లో ప్రకటించిన వ్యాసమున, గుండెపోటుతో చేరిన 3,84,878 మంది రోగుల లెక్కలను పరిశీలించి, 50 ఏండ్ల లోపువారిలో ఆస్పత్రిలోనే మరణించిన స్త్రీలు నూటికి 6.1 కాగా పురుషులు 2.9 అని చూపియుండిరి. మనోవేదనకును స్త్రీ హృదయమునకును గల ఈ నాడీబంధము ఇంకను తీవ్రమైన రూపమున గూడ కానవచ్చును. ధమనులలో పూడిక లేకయే, దుఃఖముచేతనో భయముచేతనో గుండె ఉబ్బి బలహీనపడు వ్యాధికి జపానువారు తమ దేశపు ఆక్టోపస్ పట్టు కుండపేర టాకోట్సుబో అని పేరిడిరి. 2015లో వెలువడిన 1,750 మంది రోగుల అంతర్జాతీయ పట్టికలో దాదాపు 90 శాతము స్త్రీలే. "గుండె చెరువయినది" అని మన తల్లులు చెప్పుకొను మాట శరీరశాస్త్రమున గూడ నిజము కాగలదన్నమాట.

ఇంత భేదము కన్నులయెదుట నుండగా వైద్యశాస్త్రము చిరకాలము ఒకే కొలబద్దను ఎట్లు వాడినదని అడుగవచ్చును. గుండెజబ్బు పురుషుని వ్యాధి యన్న నమ్మకమే ఇందుకు మూలము. 1970లలో అమెరికాలో సాగిన ఒక మహాప్రయోగమున చేరిన 12,866 మందియు పురుషులే. ఆస్పిరిన్ గుండెపోటును నివారించునని 1980లలో తేల్చిన పరిశోధనలోని 22,071 మంది వైద్యులును పురుషులే. పిదప సుమారు 40,000 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన 2005లో ముగిసినపుడు, వారిలో ఆస్పిరిన్ పక్షవాతమును కొంత తగ్గించెనేగాని మొత్తముమీద గుండెపోటును తగ్గింపలేదని తెలియవచ్చెను. మన ప్రస్తుత విషయమునకు మఱింత చేరువైన ఉదాహరణ ఒకటి: గుండెపోటు తరువాత క్రమముగా చేయు వ్యాయామము నాడుల పట్టును తిరిగి తెచ్చి ఆయుర్దాయమును పెంచుచున్నదని ఇటలీ దేశపు మరియా తెరెసా లా రోవెరె 2002లో ప్రకటించిన పరిశోధన నాడీశాస్త్రమున ఎంతో విలువైనది, అందు పరీక్షింపబడిన 95 మందియు పురుషులే. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలకు తొలి మహిళా అధిపతియైన బెర్నడీన్ హీలీ, చదువుకొనుటకై మగవేషము ధరించిన యెంటల్ అను కథానాయిక పేరును ఈ స్థితికి పెట్టి, తన గుండెజబ్బు మగవాని జబ్బువలెనే యున్నదని రుజువు చేసికొన్నపుడే స్త్రీకి సమానవైద్యము అందుచున్నదని ఆక్షేపించిరి. ప్రభుత్వధనముతో జరుగు పరిశోధనలలో స్త్రీలను చేర్చవలెనని 1993లో అమెరికాలో శాసనము వచ్చినది. శాసనము వచ్చిన తరువాతను పని ఎంతో మిగిలియున్నది.

మందుల విషయమునను ఇదే విచారణ అవసరము. సహానుభూత నాడుల తఱుమును అడ్డు బీటా బ్లాకర్లను గుండెపోటు తరువాత ఇచ్చుట 1980లనుండి ఆచారము. 2025లో స్పెయిన్, ఇటలీ దేశములలో 8,500 మందికి పైగా పాల్గొన్న పరిశోధనలో, గుండె పంపుశక్తి అంతగా క్షీణింపనివారికి ఆ మందువలన అదనపు మేలు కనబడలేదు. అందలి స్త్రీలను విడిగా లెక్కింపగా మందు తీసికొన్నవారిలో ఆపద హెచ్చుగానే కనబడినది. అదే సంవత్సరమున నార్వే, డెన్మార్కులలో జరిగిన పరిశోధనలో మొత్తముమీద స్వల్పమైన మేలు కనబడినది. ఇట్టి స్థితిలో ఏ సోదరియు ఈ వాక్యములు చదివి తన మాత్రలను తానే మానరాదు. హఠాత్తుగా మానుట మఱింత ప్రమాదకరము. నేను చెప్పదలచినది వేఱు: ఏబది ఏండ్లకు చేరువగా వాడుచున్న మందు స్త్రీకి ఎంత మేలు చేయుచున్నదో విడిగా లెక్కించుట ఇప్పుడిప్పుడే ఆరంభమగుచున్నది. మెటోప్రొలాల్ అను బీటా బ్లాకరును స్త్రీపురుషులిరువురికిని ఒకే మోతాదున ఇచ్చినచో స్త్రీ రక్తమున అది ఎక్కువగా నిలుచునని తెలిసి పాతికేండ్లు దాటినను మన చీటీలపై మోతాదు మాఱలేదు.

నా వాదమునకు రెండు ఆక్షేపణలు రాగలవు. స్త్రీలకు గుండెపోటు పెద్దవయసున వచ్చును, అప్పటికి మధుమేహమును రక్తపోటును తోడైయుండును, కనుక కనబడు తేడా వయసువలన వచ్చినదేగాని స్త్రీపురుష భేదమువలన వచ్చినది కాదందురు కొందఱు. ఇందులో సత్యాంశ మున్నది. అయినను భేదము అత్యధికముగా కనబడుచున్నది చిన్నవయసు స్త్రీలలోనే గనుక, వయస్సొక్కటియే దీనిని వివరింపజాలదు. మఱికొందఱు, ఇట్లు వేఱుపఱచి చూచుట స్త్రీ దుర్బలురాలన్న పాత మాటను మరల నిలబెట్టుటయే కదా యని శంకింతురు. వారి శంక గౌరవింపదగినది. కాని ఇక్కడ చెప్పబడుచున్నది దౌర్బల్యము కాదు, భేదము; ధమని మూసికొన్న క్షణమున గట్టిగా నిలిచిన పగ్గము ఆమెదేనని ఫిన్లండు పరిశోధన చెప్పనే చెప్పినది. ఇవన్నియు సగటులు మాత్రమే. వ్యక్తికిని వ్యక్తికిని గల భేదము ఇంతకంటె పెద్దదిగా నుండవచ్చును. సగటు తెలియుటవలన ప్రయోజనము, ఎదుటనున్న ఒక్క మనిషిని సరియైన ప్రశ్న అడుగగలుగుట.

ఆ ప్రశ్నలు అడుగవలసినవారు ముగ్గురు. మొదటివారు వైద్యులు. నడివయసు స్త్రీ హఠాత్తుగా వాంతి, చెమట, ఆయాసము, దవడనొప్పి, వీపునొప్పి అని వచ్చినచో, ఛాతీనొప్పి లేదన్న కారణమున గ్యాస్ మాత్ర యిచ్చి పంపక, వచ్చిన పది నిమిషములలో ఇ.సి.జి. తీయవలెను, ఇల్లు చేర్చునపుడు నాడివేగమును, నిద్రను, దిగులును విచారించి వ్రాయవలెను, నడక, వ్యాయామము నేర్పు పునరావాస చికిత్సకు పురుషులకంటె తక్కువగా వచ్చుచున్న స్త్రీలను పేరుపేరున పిలువవలెను. రెండవవారు ప్రభుత్వమువారు. 2005లో 108 వాహనమును, 2007లో ఆరోగ్యశ్రీని నెలకొల్పి పేదవానిని ఆస్పత్రి మెట్టు ఎక్కించిన తెలుగునేల, ఆ మెట్టు దిగినపిమ్మటి వారములను గూర్చియు అంత శ్రద్ధ వహింపవలెను. ఊరిలోని ఆశా కార్యకర్త బాలింతను చూడవచ్చినట్లే గుండెపోటునుండి తిరిగివచ్చిన స్త్రీని గూడ చూడవచ్చు ఏర్పాటు అసాధ్యమైనది కాదు. మూడవవారు మనము, ఇంటివారము. నలుగురియెదుట కొన్ని నిమిషములు మాటాడుటకే రక్తనాళములు ముడుచుకొను గుండెకు, రోజంతయు ఎవరికి ఏమి కావలెనో తలపోయుచుండుట ఎంత బరువో ఊహించి, ఆయనకు పఱచిన మంచమునే ఆమెకును పఱచి, ఆయన చెవిని పడనీయని మాటలను ఆమె చెవినిగూడ పడనీయకుండుట మన వంతు వైద్యము.

ఈ శతాబ్ది మొదటి సంవత్సరములలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఒక పరిశోధన జరిగినది. ఒక్క యేడాదిలో సంభవించిన 1,354 మరణములలో దాదాపు మూడవవంతు గుండెకును రక్తనాళములకును చెందిన వ్యాధులవలననే యని అది తేల్చినది. పల్లెలలో మరణకారణమును వ్రాసియిచ్చు వైద్యుడు తఱచుగా లేకపోవుటచేత, ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి యింటికి పోయి, వాకిట కూర్చుండి, బంధువులను ఒక్కొక్కటిగా ప్రశ్నించిరి: ఛాతీలో నొప్పి యని చెప్పినదా, ఆయాసపడినదా, చెమటలు పట్టినవా, వాంతి యైనదా, ఎంతసేపు బాధపడినది, అంతకుముందు ఎన్నడైన ఇట్లు జరిగినదా. అవి మిక్కిలి మంచి ప్రశ్నలు. వానికి జవాబు చెప్పగలిగిన మనిషి మాత్రము అప్పటికి ఆ యింట లేదు. ఆ ప్రశ్నలనే, ఆ వాకిటనే, ఆస్పత్రినుండి తిరిగివచ్చి పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలిని ఈ వారముననే అడుగుదము. "బాగానే ఉన్నాను" అని ఆమె చెప్పిన తరువాతగూడ లేచిపోక, ఇంకొక్కమాఱు అడుగుదము.